చెరువు వద్దన్న బతుకమ్మ

అక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి సద్దుల బతుకమ్మను ఎక్కడ పేర్చానో చెబితే నమ్మవు. సిక్కిం కొండల్లో! నీ మరిదికి కంపెనీలో ప్రయాణ ఖర్చులకు ఎల్టీసీ ఇచ్చారు. ఒక్క పండుగైనా పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొగకు దూరంగా చేసుకుందామని బయలుదేరాం.

కొండ మీద, అడవి నడుమ చెరువు. అంత తేట నీళ్లు చూశాక నా చేతులు ఊరుకోలేదు. తంగేడు లేదు, గునుగు లేదు. దొరికిన బంతిపూలూ, పేరు తెలియని నీలం పూలూ పేర్చి, పసుపు గౌరమ్మను పెట్టి నీళ్ల దగ్గరికి దిగాను. అక్కడి లెప్చా తెగ అవ్వ ఒకామె పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెరువు వాళ్లకు దేవత, అందులో ఏదీ వేయకూడదట. నీళ్లలో ఆకు రాలినా పిట్టలు ముక్కున కరుచుకుపోతాయట.

"మా వదిన ఉంటే అవ్వతోని లొల్లి వెట్టుకుంటుండె," అని నీ మరిది ఒకటే నవ్వు.

"మా ఇంట్లో ఉంచు బేటీ," అంది అవ్వ వచ్చీరాని హిందీలో. వాళ్ల వాకిట్లో ఇద్దరం చప్పట్లు కొడుతూ తిరిగాం. నువ్వు పాట అందుకునే చోట నేను ఆగిపోతే, ఆమె తన భాషలో అందుకుంది. నేను నువ్వుల సత్తుపిండి పెట్టాను. ఆమె వెదురు గొట్టంలో రాగుల కల్లు పోసింది. నీకైతే ఒక్క గొట్టం సాలకపోయేది!

"కింద ఏరున్నది గద, పోంగ అండ్ల ఇడువు," అన్నాడు నీ మరిది. వినలేదు. అవ్వ కిటికీలోనే పెట్టి వచ్చాను.

"సాగనంపని బతుకమ్మను ఇంట్ల ఉంచొద్దు పిల్లా," అని నువ్వు తిడతావని తెలుసు. కానీ అక్కా, ఈ ఏడు ఇంకొకరిని సాగనంపడం నా వల్ల కాలేదు.

తిట్టు, వింటాను.