గని గోడకు అంటించిన బిళ్ళ

మార్కాపురం పలకల గనుల పక్కన కాపురముంటూ, చర్చీలకు, పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చుకునే ఎలీషబా అను నేను ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. ఒంట్లో షుగరుంది గానీ బుద్ధి స్థిరంగానే ఉంది. అనుమానమున్నవాళ్ళు నేను అతికించిన సర్క్యూటు విప్పి చూసుకోవచ్చు.

1. నా రేకుల ఇల్లు తమ్ముడు గిద్యోనుకు, అతని భార్య గ్రేసుకు చెందాలి. షరతు ఒక్కటే: గనిలో ఉత్తరపు గోడ కింద వాళ్ళు పని చేయకూడదు. చేస్తే ఇల్లు నా కూతురు ఫెబీది. ఇది బెదిరింపే. మంచిమాటకు నువ్వెప్పుడు విన్నావు గనక, తమ్ముడూ?

2. కారణం కూడా రాస్తున్నాను. రాయి విరగబోయే ముందు లోపల చిట్లుతుంది. ఆ చప్పుడు మన చెవికి అందనంత కీచు. ఆ గోడకు నేను అంటించిన ఇత్తడి బిళ్ళ దాన్ని పట్టి, తీగ మీదుగా నా డబ్బాకు పంపుతుంది. నా డబ్బాలోని ఫిల్టరు మోటారు మోతను, లారీల హోరును, మన మాటలను ఆపేసి ఆ కీచును మాత్రం వదులుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి ఎర్రబల్బు వెలిగిస్తుంది. నిరుడు ఎప్పుడో ఒకసారి వెలిగేది. ఈ వానలు పడ్డాక రోజంతా మినుకుమంటూనే ఉంది. నాకు భయంగా ఉంది.

3. గని మేస్త్రీ సంజీవరావుకు నేనిచ్చేది ఏమీ లేదు. ఈ వానలకు ముందు, మైకుల ఎలీషబా చేసింది కదా, ఇదీ మైకే అనుకుని బిళ్ళ దగ్గర నోరు పెట్టి హలో హలో అని అరిచాడు. బల్బు వెలగలేదు. "ఏందక్కా, నీ డబ్బాకు చెవుడొచ్చినట్టుందే" అని అందరినీ నవ్వించాడు. గిద్యోనూ వాడితో చేరి, ఫిల్టరు పీకి తీగ కలిపేశాడు. ఇక దగ్గినా వెలిగింది. బాగైందని సంబరపడి, ప్రతిదానికీ వెలుగుతోందని తర్వాత దాన్ని చూడటమే మానేశారు. మళ్ళీ ఫిల్టరు కట్టాను.

4. ఫెబీకి సోల్డరింగ్ ఐరన్, నేను కట్టని నీలం చీర. గ్రేసుకు కుక్కరు, రబ్బరు మార్చుకోవాలి. గిద్యోనుకు చిన్న మైకు. పాడేటప్పుడు మరీ నోట్లో పెట్టుకోకు, నాయనా. నీ గొంతు మంచిది.

5. రేపు సోమవారం ఆ గోడ కిందే దిగుతానని గిద్యోను పంతం పట్టాడు. నేనూ దిగుతాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంటాను. బల్బు ఆరకుండా వెలిగితే చెయ్యి పట్టి లాక్కొస్తాను.

6. మేమిద్దరం రాకపోతే సర్వం ఫెబీదే. అమలు చేయవలసినవాడు చర్చి పెద్ద వినయ్ కుమార్. గోడ పైన ఇంకో బిళ్ళ అంటించి, దాని బల్బు గట్టు మీద పెట్టాను. వినయ్, అది వెలుగుతున్నంతసేపు మా కోసం ఒక్కరినీ దిగనీయకు. ఫెబీ నీ కాళ్ళ మీద పడినా సరే. లోపలి నుంచి నేనే పిలిచినా సరే.

తేదీ: 12 అక్టోబరు 2025, మార్కాపురం

సంతకం: ఎలీషబా

సాక్షులు: శిల్ప, శ్రీకాంత్