మైలెద్దు తిన్న మేత

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను. మన ఎద్దుల సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పోయిన వారం తెల్లెద్దు చచ్చిపోయింది. దాన్ని చేను గట్టున పూడ్చి కొట్టంలోకి వచ్చేసరికి, మైలెద్దు తన మేత అయిపోగొట్టి తెల్లెద్దుకు వేసిన చొప్ప కూడా నములుతోంది. ఎనిమిదేళ్లు ఒకే కాడి మోసిన జత. ఒక్క పూటైనా మేత ముట్టదనుకున్నాను. వారమంతా దాన్ని చూస్తే ఒళ్లు మండింది. మనలా బాధపడే మనసు ఉంటే ఇలా తింటుందా అనుకుని, ఈ పొద్దున కోసిగి రోడ్డు మీద కబేళాకు పోయే లారీ ఎక్కించేశాను. అమ్మిన పశువుతో పలుపు ఇవ్వకూడదన్న ఆనవాయితీ ప్రకారం దాని మెడలో పలుపు విప్పుకుని ఇంటికి వచ్చాను.

చాటలో బియ్యం ఏరుతున్న వదిన పలుపు చూసి ఆగిపోయింది.

"దానికి మనసు లేదు వదినా. జత సచ్చిపోతే దాని మేత గూడా తినింది" అన్నాను.

వదిన మళ్లీ బియ్యం ఏరుకుంటూ, "నువ్వూ తింటివి గదప్పా" అంది.

నిన్ను మట్టి చేసి వచ్చిన రోజు, ముందురోజు నీకోసం తీసిపెట్టిన సంగటి గిన్నెలో అలాగే ఉంది. వాకిలి మూసుకుని మొత్తం తినేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

మోటారు బండేసుకుని రోడ్డు మీదికి పోయాను. "లారీ పోయి శానా సేపాయనప్పా" అన్నారు అక్కడివాళ్లు.

వదిన ఏడాదిగా తెలిసే నాకు రోజూ ముద్ద పెడుతోంది. నేను మైలెద్దును ఒక్క వారం మించి ఉంచుకోలేకపోయాను.