కెప్టెన్‌గారి రంగుల జీపీఎస్

జనవరి 2007, ఆదివారం

మా కెప్టెన్‌గారంటే ఉన్న కాస్త గౌరవమూ ఇవాళ పోయింది. సర్వేకి వెళ్ళిన మా చిన్న విమానం ఐ.పోలవరం రొయ్యల చెరువుల మీద ఉండగా విమానంలో బిగించిన జీపీఎస్ ఆరిపోయింది. కింద దట్టమైన మంచు. ఆయన దుబాయ్ నుంచి తెప్పించుకున్న రంగుల జీపీఎస్‌ను దర్జాగా బయటికి తీశారు. అది కార్ల కోసం చేసింది. ఆకాశంలో ఉన్న మమ్మల్ని దగ్గర్లోని రోడ్డెక్కమంది!

పక్కసీట్లో కో-పైలట్‌గా ఉన్న నేను నా నలుపు తెలుపు జీపీఎస్ తీశాను. ఓడలరేవు చేపల పడవల్లో వాడే చవక రకం, రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. రన్‌వే ఎక్కడుందో అందులో ముందే ఎక్కించుకున్నాను. నిన్నటిదాకా దాన్ని చేపలవాళ్ళ బొమ్మ అని వెక్కిరించిన పెద్దమనిషి, చెమట తుడుచుకుంటూ "ఎటు తిప్పమంటావయ్యా?" అని అడిగారు. నేను చెప్పినట్టే తిప్పారు.

దిగాక కెప్టెన్‌గారు తన రంగులది చూపిస్తూ మా కంపెనీ ఓనరుగారితో, "నా జీపీఎస్ ఉండబట్టి బతికేమండీ. పైలట్లందరికీ ఇదే కొనిపెట్టండి" అన్నారు, సిగ్గులేకుండా.

ఓనరుగారు నా వైపు తిరిగి, "అంతేనా బాబూ?" అన్నారు.

"ఆయ్, అంతేనండి" అన్నాను.

రేపు అందరి చేతికీ ఆ కార్ల బొమ్మే వస్తుంది. ఆయన కంటే నేనే నీచంగా కనిపిస్తున్నాను నాకు.