నిమ్మకాయలు తొక్కిన బండి

నజీర్ అన్నయ్యగారికి,

మొన్న ఎక్కువ బరువు మోయడానికని మీ షెడ్డులో వెనక రెండు కమాన్ పట్టీలు అదనంగా వేయించిన పాత పికప్ బండి వారి ఇంటావిడను, నమస్కరించి రాస్తున్నాను. ఫోన్ చేస్తే మా ఆయన వింటారు. అందుకని పూలమ్మే సన్యాసమ్మతో ఈ చీటీ పంపుతున్నాను.

బండి ఇంటికి రాగానే పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఆయన సీట్లో కూర్చున్నారు గానీ ఇంకా స్టార్ట్ చేయనేలేదు. బండి దానంతటదే వాలుకు కదిలి, నిమ్మకాయల్ని తొక్కి, గేటుకు తగిలి ఆగింది.

"సూసినావేటి, సింహాచలం అప్పన్నే తొక్కించీసినాడు," అని ఆయన మురిసిపోయారు. ఇరుగుపొరుగు దండం పెట్టారు. నేను హారతి పట్టుకుని బండి తలుపు పక్కనే ఉన్నాను. ఆయన కాలు బ్రేకును పూర్తిగా నొక్కే ఉంది.

ఆ మాట చెప్తే, "నువ్వు పూజ సేసుకో, బండి సంగతి నాకొగ్గీ," అన్నారు. దేవుడు చేశాడన్నదాన్ని కాదనడానికి నాకూ నోరు రాలేదు. శనివారం మా చెల్లెలి పిల్లలతో కలిపి పదకొండు మందిని వెనక ఎక్కించుకుని సింహాచలం కొండకు వెళ్దామంటున్నారు. దిగేటప్పుడు ఎలాగన్నయ్యా?

బండికి ఉన్నది ఒక్కటే తాళం. అది నేనే దాచాను. కొత్తది చేయించడానికి ఆయన మిమ్మల్నే పిలుస్తారు. దయచేసి మొదట బ్రేకులు బాగుచేసి, ఆ తరువాతే తాళం ఇవ్వండి. నేను రాసినట్టు చెప్పకండి.

తాళం దొరికితే కొబ్బరికాయ కొడతానని పొద్దున్న ఆయన అప్పన్న పటం ముందు మొక్కుకున్నారు. తాళం ఆ పటం వెనకే ఉంది. స్వామి మా ఇద్దరిలో ఎవరి మాట వింటాడోనని భయంగా ఉంది.

మీ చెల్లెలి వంటిది