పత్రికలో ముందు పేరు

నాగపూర్, యూనివర్సిటీ హాస్టల్
మార్చి 10

నర్సన్న మామకు మధులత నమస్కారాలు.

పాతగూడెంలో సెల్ టవర్ మళ్లీ మూగబోయిందని అమ్మ అహేరి వెళ్లినప్పుడు ఫోన్ చేసి చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నా పరిశోధన సంగతి నీకు తెలుసు కదా. మా యూనివర్సిటీలో నలభై ఏళ్లుగా ఎవరు ఎవరితో కలిశారు, ఎన్నాళ్లు కలిసి సాగారు, ఎప్పుడు విడిపోయారు అన్నది లెక్క తీయడమే. మొదట్లో అందరూ ఒంటరిగానే ఉండేవారు. తర్వాత జంటలయ్యారు. ఇప్పుడు ఆరుగురికి తక్కువైతే ఎవరూ కదలడం లేదు.

అసలు విషయం ఏమిటంటే, నా పేరు, అభయ్ పేరు కలిసి ఒక పత్రికలో రాబోతున్నాయి. అభయ్ మా డిపార్ట్‌మెంటే. నెమ్మదస్తుడు. చిక్కల్లా ఒకటే, నా పేరు ముందుండాలి. ఏప్రిల్ 30లోగా నా పేరు ముందున్న పత్రిక ఒక్కటైనా ఆఫీసులో చూపించకపోతే నా పీహెచ్‌డీ ఆగిపోతుంది. ఐదేళ్ల కష్టం, మామా! మా గైడ్ రామనాథం సారేమో "నీది చివర్న ఉంటే చాలదా?" అంటున్నారు.

అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఖాయమయ్యాక నేనే చెబుతాను.

ఉంటాను,
మధులత

తా.క. సారు తన పేరు కూడా వేయమంటున్నారు. ఆయన ఏమీ చేయలేదు. అయినా వేయక తప్పదు.


పాతగూడెం
మార్చి 17

బిడ్డ మధులతకు మీ మామ నర్సన్న దీవించి, పరేషానై రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మొదటిసారి నవ్విన. రెండోసారి కూసున్న. మూడోసారి మీ అత్తను మంచినీళ్లు అడిగిన. ఎవరు ఎవరితోని కలిసిండ్రో లెక్క తీసుడు గూడ ఒక చదువేనా? ఆ పని మా వాడకట్టుల సారక్క ఏ గైడూ లేకుండ చేస్తది. ఆమెకెప్పుడిస్తరు పీహెచ్‌డీ?

పత్రిక దాక వచ్చిందంటే ఇగ లగ్గమే గదా! పిలగాని ఇంటిపేరేంది? మధ్యల ఉండి మాట్లాడిందెవరు? అడ్డం చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా? పిల్ల పేరు ముందేసిన పత్రిక నేనీ ఇంద్రావతికి ఇటుపక్క చూడలే, అటుపక్క చూడలే. కానీ నీ చదువు ఆగద్దు. నీ పేరే ముందుంటది, నేనున్న.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. ఏమీ చెయ్యనోని పేరు పత్రికల వేసుడు మన దిక్కు గూడ ఉన్నది. వాళ్లనే బంధువులంటరు.


నాగపూర్
మార్చి 25

మామకు నమస్తే.

నీ లగ్గం జోకులు చదివి హాస్టలంతా నవ్వుకున్నాం. నీ వేళాకోళం ఈ జన్మకు పోదు. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో ఉండేది ఎడిటర్. అడ్డం చెప్పేవాళ్లు ఇద్దరు. వాళ్లెవరో మాకు చెప్పరు, మేమెవరమో వాళ్లకు చెప్పరు. ముఖం చూడకుండానే తీర్పు ఇస్తారు. ఒకాయన "ఇందులో కొత్తదనం లేదు" అన్నాడు. ఇంకొకాయన "పొడుగు ఎక్కువైంది, మూడోవంతు కోసి మళ్లీ పంపండి" అన్నాడు. కూర్చుని కోస్తున్నాం.

సారు ఇప్పుడు నేహ పేరు కూడా కలపమన్నారు. నేహ ఆయన దగ్గర చదివిన సీనియర్. ముందు పేరు ఎవరిదో ఇంకా తేల్చలేదు. నాకు అన్నం సయించడం లేదు, మామా.

ఉంటాను,
మధులత

తా.క. సారుకు ఇప్పటికి నూట పన్నెండు అయ్యాయి, డెబ్భై మందితో. అందులో పదకొండు నేహతోనే.


పాతగూడెం
ఏప్రిల్ 4

బిడ్డకు, కోపంల ఉన్న మామ రాసేది.

నూట పన్నెండా! మా ఊర్ల గట్టయ్య రెండోది చేసుకుంటేనే మూడు రోజులు పంచాయితీ నడిచింది. ఆ సారుకు అడిగేటోడే లేడా? ఇగ ఆ మొఖం లేనోళ్లు ఇద్దరు. మా పిల్లను పొడుగంటరా? మూడోవంతు కోస్తరా? మేకనా?

అందుకే ఇగ నిన్నడుగలే. పొద్దుగాల్నే ఎస్టీ బస్సెక్కి అహేరికి పోయిన. బక్కయ్య ప్రెస్సుల కార్డులు అయిపోయినయి. బడి సంచికకు తెచ్చిన నీలం అట్ట మిగిలుంటే దాని మీదనే కొట్టుమన్న. నాలుగు పేజీలొచ్చింది. దేవుని బొమ్మ అచ్చు విరిగిందట, అది లేదు.

బక్కయ్య అడిగిండు: "నర్సన్నా, పిల్ల పేరు ముందేస్తున్నవ్, పిలగాడు ఇల్లరికమా?"

"అది యూనివర్సిటీ కానూన్. నువ్వు కొట్టు."

"మరి ఈ రామనాథం, నేహ ఎవరు? రెండో జంటనా?"

"అడగకురా, నాకే సమజ్ కాలే."

మొదలు నీ పేరు, తర్వాత అభయ్, ఆ తర్వాత వాళ్లిద్దరు. ఈ నాలుగు పేర్లు, ఊరు, తేది, "పత్రిక" అనే మాట మరాఠీల గూడ వేయించిన. మిగతాదంత మన తెలుగే. తేది నువ్వు చెప్పిన ఏప్రిల్ 30. చివరి పేజీ నిండ మనోళ్ల పేర్లు, ముప్పై ఎనిమిది మంది. ఒక్కరిని వదిలినా అలుగుతరు.

ఆఫీసుల చూపియ్యాలన్నవు గదా, ఒకటి సీదా మీ ఆఫీసుకే రిజిస్టర్ పోస్టు చేసిన.

ఇట్లు,
ఎవరికీ భయపడని నీ మామ

తా.క. మీ అమ్మకు నేను ఒక్క మాట చెప్పలే. పత్రిక మాత్రం చేతికిచ్చిన.


నాగపూర్
ఏప్రిల్ 16

మామా,

నమస్కారం పెట్టాలో, దండం పెట్టాలో తెలియక రాస్తున్నాను. నువ్వు జోకులేస్తున్నావనుకున్నాను. పత్రిక అంటే నా వ్యాసం అచ్చయ్యే పుస్తకం. నాది, అభయ్‌ది పెళ్లి కాదు, వ్యాసం! నేను లెక్క తీసేది కలిసి వ్యాసాలు రాసినవాళ్లను, సారుకు అయిన నూట పన్నెండూ వ్యాసాలే.

ఆ వ్యాసాన్ని తొమ్మిదో తేదీన తిప్పి పంపేశారు. కోసిందంతా వృథా. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. పన్నెండున ఆఫీసులో గుమస్తా ఉమారాణి గారు పిలిచి నా చేతిలో దూద్‌పేడా పెట్టారు. "నీ పత్రిక వచ్చింది. ముందు పేరు నీదే. నలుగురు కలిసి రాశారు. అచ్చయిన ఊరు ఉంది, తేదీ ఉంది. చివర్న ఆధార గ్రంథాలు ముప్పై ఎనిమిది! బాగా కష్టపడ్డావు" అన్నారు. ఆమెకు తెలుగు రాదు. ప్రాంతీయ భాషా పత్రిక అని ముద్ర వేసేశారు.

నేను నిజం చెప్పాను, మామా. ఇది లగ్నపత్రిక, అవి మా బంధువుల పేర్లు అన్నాను. ఆమె నీలం అట్ట తిప్పి ముద్ర మీద వేలు పెట్టారు. "ముద్ర పడకముందైతే వెనక్కిచ్చే ఫారం ఉంది. పడ్డాక ఫారం లేదు" అన్నారు.

సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తెలుగాయనే గానీ చంద్రపూర్‌లో మరాఠీ బడిలో చదివారు, తెలుగు అక్షరం రాదు. అప్పటికే నూట పదమూడో పత్రికగా తన జాబితాలో రాసుకున్నారు. "సార్, అది పెళ్లి పత్రిక" అంటే కళ్లజోడు తీసి తుడుచుకుని, "మూడో పేరు నాదే కదా? అయితే ఉండనీ" అన్నారు.

కాబట్టి నా థీసిస్ తీసుకున్నారు. నేను గట్టెక్కాను. ఎట్లాగో మాత్రం ఎవరూ అడగకండి.

ఇట్లు,
నీ మేనకోడలు మధులత

తా.క. అభయ్‌కు ఆ నాలుగు పేజీలూ మరాఠీలో చదివి వినిపించాను. నవ్వుతాడనుకున్నాను. చివరిదాకా నెమ్మదిగా విని, ఆ ముప్పై ఎనిమిది పేర్లలో వాళ్లమ్మ పేరెందుకు లేదని అడిగాడు. బక్కయ్య దగ్గర నీలం అట్ట ఇంకా ఉందా?