స్టీలు గ్లాసులో కాస్టిక్ నీళ్ళు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ప్రార్థన పెట్టారంటే ఎలమంచిలి నుంచి పొద్దున్నే బస్సులో అనకాపల్లి వచ్చేను. నీ కూతురు సుజాత పెరట్లో కూర్చుని, నువ్వు టీవీ చూసి నేర్చుకున్న పద్ధతిలోనే, కొబ్బరినూనెతో సబ్బు చేస్తోంది. కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు చల్లారడానికి పెట్టింది. నువ్వయితే వాటిని మూలనున్న బకెట్లో కలిపి, తాగితే పేగులు కాలిపోతాయని దగ్గరకి ఎవర్నీ రానిచ్చేదానివి కాదు. సుజాత మాత్రం వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులో పెట్టింది. చూస్తే మంచినీళ్ళలాగే ఉన్నాయి.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. రోజూ ఆ గ్లాసుతో నీళ్ళు తాగేది ఆ కొత్తావిడే.

"ఇందులో పెట్టేవేటే? ఆవిడ తాగేస్తేనో?" అన్నాను.

సుజాత నూనె కలపడం ఆపలేదు.

"తెలుసు పిన్నీ. బజారు నుంచి రాగానే ముందు నీళ్ళే తాగుతాది."

ఆ నీళ్ళు పెరటి చివర పారబోసి, గ్లాసు మూడుసార్లు కడిగేను.

ప్రార్థన అయ్యేక కూడా బావకి సంగతి చెప్పలేకపోయేను. "సెలవులు కదా, పిల్లని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుంటాను" అన్నాను. ఆవిడే దాని బట్టలు సర్ది, జడ వేసి, దారిలో తినమని నువ్వుండలు కట్టిచ్చింది.

బస్సులో సుజాత నా భుజానికి ఆనుకుని, "మీ ఇంట్లో సబ్బు చేసుకోవచ్చా?" అని అడిగింది.

"ఇద్దరం కలిసి చేద్దాం" అన్నాను.

నవ్వి, పొట్లం విప్పి, ఒక ఉండ నా నోటి దగ్గర పెట్టింది. నీ కూతురి చేతి ముద్ద తినడానికి నేనొక్క క్షణం భయపడ్డాను, అక్కా.