గడ్డి కోయించే పెళ్ళాం

డారెల్,

శనివారం నువ్వు ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్సీ వదులుకుని వచ్చినప్పుడు నీతో పాటు నేనూ ఏడ్చాను.

ఉడికించిన కోడిమాంసం, బంగాళాదుంప ముద్ద ఫ్రిజ్‌లో ఉన్నాయి. తిన్నాకే మాత్రలు వేసుకో. క్లబ్బు లాటరీలో వచ్చిన సాసేజ్‌లు ముట్టుకోకు, నీ కడుపుకి పడవు.

పొద్దున మాంసం కొట్టు దగ్గర మీ జట్టు నెవిల్ నా విద్యార్థుల ముందే అన్నాడు: "ఏం టీచరమ్మా, మా కెప్టెన్‌తో ఆట మాన్పించి పెరట్లో గడ్డి కోయిస్తున్నావట! ఒక్క శనివారం మాకు అప్పివ్వరాదూ?" అందరూ నవ్వారు. నేనూ నవ్వి, చిల్లర తీసుకుని వచ్చేశాను. ఆ గడ్డి కథ వాళ్ళకి చెప్పింది నువ్వేగా.

పేగుల జబ్బు జీవితాంతం ఉంటుందని డాక్టర్ చెప్పింది. అది నీ తప్పు కాదు. నెత్తురు పడుతోందని మగవాళ్ళ ముందు చెప్పుకోవడం కష్టమేనని నాకు తెలుసు. కానీ నీ సిగ్గును కప్పుకోవడానికి నేనేమన్నా దుప్పటినా?

సాయంత్రం క్లబ్బులో శనివారం ఆడేవాళ్ళ పేర్లు చదువుతారు. అందరూ అక్కడే ఉంటారు. వెళ్ళు.

మెరిడిత్

కడుపునొప్పికి వేడినీళ్ళ సంచి నీ పక్కమీద పెట్టాను. నెవిల్‌కి నేను జవాబు చెప్పలేదు. ఆ పని నీకే వదిలాను.